ఎలుకరాజులు రాని చలికాలం

డిసెంబర్ 6, శనివారం

ఈ చలికాలం మొదటి లెక్క అయింది. ఇరవై చోట్లు, ఒక్కో చోట ఐదు నిమిషాలు. వడ్రంగి పిట్టలు ఏడు. టిట్ పిట్టలు బోలెడు. ఎర్రరొమ్ము పిట్టలు ఐదు. బొంతకాకులు రెండు, ఎప్పటిలాగే పోట్లాడుకుంటూ. ఎలుకరాజులు సున్నా.

ఆ సున్నా చుట్టడానికి పెన్సిలు కదల్లేదు. ఇరవై ఆరు చలికాలాలుగా ఈ అడవిలో పిట్టల్ని లెక్కపెడుతున్నాను. ఎలుకరాజుల గడిలో సున్నా పెట్టాల్సి రావడం ఇదే మొదలు. పేరుకే రాజు, బరువు చూస్తే రెండు చక్కెర బిళ్ళలంత. నెత్తిన పసుప్పచ్చ గీత ఒకటి, అదే కిరీటం. అంత లేత ప్రాణి మైనస్ ఇరవై చలిలో సూదుల్లాంటి ఆకులుండే స్ప్రూస్ చెట్ల చిటారు కొమ్మల్లో పురుగులేరుకుంటూ, సన్నగా సీ సీ అనుకుంటూ బతికేస్తుంది. అంత ఎత్తున అది కంటికి ఆనదు. ముందు చెవి పట్టుకోవాలి, ఆ తరవాతే కన్ను.

పక్షుల సంఘం వాళ్ళిచ్చిన లెక్కల పుస్తకంలో కారణం రాసే గడి లేదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. కారణం కలీనా. నా సొంత అక్క కూతురు. అక్క పోయేసరికి దానికి తొమ్మిదేళ్ళు, నేనే పెంచాను. ఇప్పుడది ఈ అడవికి రేంజరు. అక్టోబరులో ఎనభై ఎనిమిదో ప్లాటులో స్ప్రూసులు కొట్టించింది. బెరడు పురుగు పట్టిందట, పట్టిన చెట్లనే కొట్టించిందట. రాజుల గూడెం సరిగ్గా అదే.

"నువ్వు విన్నావా?" అని ప్రతి చోటా వాలెంతిని అడిగాను. మా ఆయన ఫ్లాస్కు మొయ్యడానికే వస్తాడు, పిట్టల సంగతి ఆయనకి పట్టదు. అయినా చెవులు రెండున్నాయి కదా. "లేదు పోలా" అన్నాడు ఇరవైసార్లూ. ఇద్దరి సాక్ష్యం.

డిసెంబర్ 8

పొద్దున కాఫీకి నీళ్ళు పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. ఉప్పులేని పంది కొవ్వు ముక్క కిటికీ బయటి కొమ్మకి కట్టానో లేదో టిట్ పిట్టలు మూగాయి. చూస్తూ ఉండిపోయాను. వాలెంతి పరుగున వచ్చి స్టవ్ ఆపాడు. కెటిల్ ఈల ఎప్పటి నుంచో మోగుతోందట. ఇల్లంతా ఆవిరి.

ఆలోచనలో పడితే నాకు ఒళ్ళు తెలియదు. చిన్నప్పటి నుంచీ అంతే.

డిసెంబర్ 11

తప్పు టోపీది. కొత్త ఉన్ని టోపీ చెవుల్ని పూర్తిగా కప్పేస్తుంది. ఆ మాట తట్టగానే ఒక్కదాన్నే ఎనభై ఎనిమిదికి వెళ్ళి, టోపీ తీసి, అరగంట నిలబడ్డాను. మైనస్ పదకొండు.

ఏమీ లేదు. చెవుల కొసలు తెల్లగా పాలిపోయాయి. వాలెంతి పెద్దబాతు కొవ్వు రాస్తూ అక్షింతలు వేశాడు. "అరవై ఏడేళ్ళ మనిషివి, ఇదేం పని? చెవులు ఊడి చేతిలో పడితే ఏం చేస్తావు?"

"అతికిస్తావులే, నీకు మైనం పని బాగా వచ్చు కదా" అన్నాను. ఆయన తేనెటీగలు పెంచుతాడు. నవ్వలేదు. ఈ మధ్య వాలెంతి నవ్వడం తగ్గించాడు. నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడు, అప్పుడే ముసలి వేషాలు.

డిసెంబర్ 13

మళ్ళీ వెళ్ళాను. సున్నా.

డిసెంబర్ 24

తొలి చుక్క పొడిచాక పండగ భోజనానికి కూర్చున్నాం. ముగ్గురమే. ఎవరైనా వస్తే అని ఎప్పటిలాగే ఒక పళ్ళెం ఎక్కువ పెట్టాం. బీట్‌రూట్ చారు కుదిరింది. కార్ప్ చేపలో ముళ్ళు తప్ప ఏమీ లేదు.

తినే ముందు పల్చటి అప్పచ్చిని ఒకరి చేతిలోది ఒకరు విరుచుకుని మంచి జరగాలని కోరుకోవాలి. మనసులో ఉన్న కోపాలు అక్కడే వదిలెయ్యాలి. వాలెంతితో అయింది. కలీనా నా ముందుకొచ్చి నిలబడింది. దాని ముక్క విరుస్తూ, "నీకు మంచి జరగాలి. నా రాజుల్ని ఏం చేశావు?" అన్నాను.

"పిన్నీ, పండగ పూట కూడానా?"

"పండగ పూట కాకపోతే నువ్వు దొరకవుగా."

"అవి ఎక్కడికీ పోలేదు. ఎనభై ఎనిమిదిలో రోజూ వింటున్నాను నేను. పొద్దున్నే జీపు దిగితే చాలు, నెత్తిమీదే గోల."

"రంపం పట్టుకున్నవాళ్ళకి అలాగే వినిపిస్తుంది" అన్నాను.

దాని మొహం ఎర్రబడింది. నా నోరు నాకు శత్రువని మా అమ్మ ఎప్పుడో అంది. కానీ అన్నమాట తప్పు కాదు. కలీనా గసగసాల కేకు తినకుండానే వెళ్ళిపోయింది. వాలెంతి ఆ ముక్కని మూతపెట్టి దాచాడు.

జనవరి 4, ఆదివారం

కలీనాయే ఫోన్ చేసింది. కలిసి వెళదామంది. సరే, ఎవరి చెవులు నిజమో అక్కడే తేలుతుంది అనుకున్నాను.

ముగ్గురం మంచులో పడి వెళ్ళాం. పన్నెండో చోటు, అంటే ఎనభై ఎనిమిదో ప్లాటు నడుమ. అక్కడ కొట్టగా మిగిలిన స్ప్రూసులు బాగానే ఉన్నాయి, అది ఒప్పుకుంటాను. పద్ధతి ప్రకారం రెండు నిమిషాలు కదలకుండా నిలబడ్డాం, పిట్టలు మన సంగతి మరిచిపోవాలి కదా. ఆ తరవాత ఐదు నిమిషాలు లెక్క. మాటలుండవు.

మూడో నిమిషంలో కలీనా తలెత్తింది. అలాగే ఉండిపోయింది. కళ్ళు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి కదిలాయి. ఆ తరవాత నన్ను చూసింది. ఐదు నిమిషాలూ అయ్యాక అడిగింది.

"పిన్నీ, వినిపించిందా?"

"ఏమిటి?"

 వాలెంతి వైపు చూసింది. వాలెంతి తల కొంచెం అడ్డంగా ఊపాడు.

"నిన్నే. ఏమిటి వినిపించడం?"

"ఏం లేదు పిన్నీ" అంది కలీనా. "ఏం లేదు."

అదీ సంగతి. దాని నోటితోనే ఒప్పుకుంది. తిరిగొచ్చే దారంతా నా వెనకే నడిచింది. తప్పు చేసినవాళ్ళ నడక అలాగే ఉంటుంది. ఇంటికొచ్చి కోరిందపండు పాకం కలిపిన టీ ఇచ్చాను. సగం తాగి, లేచి, ఎప్పుడూ లేనిది నన్ను గట్టిగా కౌగిలించుకుని వెళ్ళిపోయింది.

సిగ్గుపడుతోంది పాపం.

జనవరి 6

ఉత్తరం రాశాను. జిల్లా అటవీ కార్యాలయానికి ఒకటి, పక్షుల సంఘానికి నకలు. నాలుగు చలికాలాల లెక్కలు రాశాను. పధ్నాలుగు, తొమ్మిది, నాలుగు, ఒకటి. ఈ ఏడు సున్నా. కొట్టిన చెట్ల సంగతి రాశాను. "సదరు రేంజరు స్వయంగా నా సమక్షంలో, నా భర్త సమక్షంలో, అక్కడ పక్షుల అలికిడి ఏమీ లేదని అంగీకరించినది" అని కూడా రాశాను.

పేరు రాసేటప్పుడు చెయ్యి ఆగింది. పెంచిన చెయ్యి కదా. కానీ అడవి నా అక్క కూతురికన్నా పెద్దది. నేను పోయాక కూడా ఉండాల్సింది అది.

జనవరి 9

పోస్టు చేశాను. బూట్లు వేసుకుంటుంటే వాలెంతి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"వెయ్యకు పోలా."

"ఎందుకు?"

  "చలిగా ఉంది" అన్నాడు.

"జనవరిలో చలి కాక ఉక్కపోస్తుందా?" అని ఆయన్ని పక్కకి తోసి వెళ్ళాను. నిజంగానే చలి దంచేస్తోంది.

జనవరి 16

జిల్లా అధికారి మిషూరా గారు ఫోన్ చేశారు. ఈ ఫోన్ పాడైపోయింది, అందరి మాటలూ నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు వస్తాయి. రెండుసార్లు చెప్పించుకున్నాను. ఇరవై తొమ్మిదిన విచారణ. నేనూ రావాలి. నా ఫిర్యాదు నిజమని తేలితే కలీనాని ఇక్కణ్ణించి తీసేసి ఎక్కడో సముద్రం ఒడ్డు జిల్లాకి పంపుతారట.

అంత దాకా పోతుందని నేననుకోలేదు. మందలిస్తారనుకున్నాను. చెట్లు కొట్టడం ఆపిస్తారనుకున్నాను.

కలీనా ఏమందని అడిగాను. ఆమె తన తరఫున ఏమీ చెప్పుకోలేదు, అదే మాకూ అంతుపట్టడం లేదు అన్నారాయన.

జనవరి 20

మైనస్ పధ్నాలుగు, గాలి లేదు, ఎండ. ఒక్కదాన్నే పన్నెండో చోట నిలబడ్డాను. లెక్క కోసం కాదు, ఊరికే.

కొమ్మ కొంచెం కదిలింది. నా కళ్ళకి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర, ఎలుకరాజు. చలి మరీ ముదిరితే మనిషంటే వాటికి లెక్కుండదు, కిందికొచ్చేస్తాయి. ఆకుపచ్చ బంతిలా ఉబ్బి ఉంది. నెత్తిన పసుప్పచ్చ గీత. నల్లపూసల్లాంటి కళ్ళు.  ఒకటి! సున్నా కాదు, ఒకటి!

అది ముక్కు తెరిచింది. గొంతు దగ్గర ఈకలు వణికాయి. ముక్కు ముందు చిన్న ఆవిరి లేచింది. మూసింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ ఆవిరి. మళ్ళీ. అరుస్తోంది.

నాకేమీ వినిపించలేదు.

జనవరి 21

ఇవాళ వెళ్ళలేదు.

జనవరి 22

మరీ చలిలో పిట్టలు సత్తువ దాచుకోవడానికి చప్పుడు చెయ్యకుండా నోరు మాత్రం ఆడిస్తాయేమో. ఎవరూ గమనించి ఉండరు. సంఘం పత్రికకి రాయాలి.

జనవరి 23

పై మాటలు రాసింది నేనే. కొట్టెయ్యకుండా అలాగే ఉంచుతున్నాను. ఎంత వెర్రిదాన్నో గుర్తుండాలి.

మిల్లులో ఇరవై రెండేళ్ళు మగ్గాల మధ్య పనిచేశాను. తోటి ఆడవాళ్ళందరికీ యాభై దాటేసరికి చెవులు పోయాయి. నాకు పోలేదని ఎంత మిడిసిపడ్డాను! "అడవి నా చెవుల్ని కడిగేసింది" అని చెప్పుకు తిరిగాను.

జనవరి 24

వాలెంతి తేనెపెట్టెల దగ్గర ఉన్నాడు. చలికాలంలో మూత తియ్యకూడదు, ఈగలు చచ్చిపోతాయి. పెట్టెకి చెవి ఆనించి వింటాడు. లోపల సన్నగా రొద ఉంటే బతికున్నట్టు. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని వింటున్నాడు.

"బతికున్నాయా?" అన్నాను.

"ఆఁ. బాగానే ఉన్నాయి."

"ఎలుకరాజులో?"

పెట్టె మీంచి చెవి తియ్యలేదు. కళ్ళు మూసుకున్నాడు. "అవీ బాగానే ఉన్నాయి" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. అనుమానం వేరు, వినడం వేరు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇది నాలుగో చలికాలం. మొదట్లో దూరపువే నీకు తగిలేవి కావు. తరవాత తరవాత దగ్గరవి కూడా."

"అడిగినప్పుడల్లా లేదన్నావే! ఇరవై చోట్లా లేదన్నావు!"

"మొదటి ఏడాది నీకు జలుబు అనుకున్నాను. రెండో ఏడాది నీకే తెలుస్తుందిలే అనుకున్నాను. మూడో ఏడాదికి..." లేచి మోకాళ్ళ మీది మంచు దులుపుకున్నాడు. "అప్పటికే రెండేళ్ళు అబద్ధం చెప్పేశాను కదా. ఇంక ఎక్కణ్ణించి మొదలెట్టను?"

"నా అడవి నా చేతుల్లోంచి జారిపోతుంటే ఫ్లాస్కు పట్టుకుని చూస్తూ నిలబడ్డావా?"

"అడవిని కాదు. నిన్ను చూస్తూ నిలబడ్డాను. 'విన్నావా' అని అడిగేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలియదు. అవునంటే ఆ మొహం ఏమైపోతుందోనని నాకు భయం వేసింది. అంతే. పిరికివాణ్ణి."

"కలీనాకీ తెలుసా?"

"ఆ రోజు తెలిసింది. చెప్పొద్దని నేనే సైగ చేశాను. అది 'ఏం లేదు' అన్నది నీ కోసం. నువ్వు దాన్ని తీసుకెళ్ళి ఉత్తరంలో పెట్టావు."

ఇంట్లోకి వచ్చేశాను. తలుపు ఎంత గట్టిగా వేశానంటే ఆ చప్పుడు నాక్కూడా వినిపించింది.

జనవరి 25

వాలెంతితో మాట్లాడలేదు.

జనవరి 26

మాట్లాడలేదు. మూడు పూటలా వంట ఆయనే చేశాడు. పుల్ల క్యాబేజీలో ఉప్పెక్కువైంది. చెప్పలేదు.

జనవరి 27

పాత లెక్కల పుస్తకాలు తీశాను. పధ్నాలుగు, తొమ్మిది, నాలుగు, ఒకటి. ఇవి పిట్టల లెక్కలు కావు, నా చెవుల లెక్కలు. నిరుడు సంఘం పత్రికలో వీటితో వ్యాసం వేశారు, 'ఎలుకరాజులు తగ్గిపోతున్నాయి' అని, కింద నా పేరు. కత్తిరించి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాను. ఇవాళ దించాను. గోడ మీద తెల్లటి చతురస్రం మిగిలింది.

మూడు రోజులు ఆలోచించాక తేలింది ఒకటే. వాలెంతి మీద నా కోపంలో సగం దొంగ కోపం. నాకు ఎప్పుడో తెలుసు. కెటిల్ రోజున తెలుసు. అంతకుముందు ఏడు కూడా తెలుసు. తెలిసే ప్రతి చోటా ఆయన్ని అడిగాను, లేదంటాడని.

రాత్రి భోజనాల దగ్గర "క్యాబేజీలో ఉప్పెక్కువైంది" అన్నాను. "తెలుసు" అన్నాడు. "మరి చెప్పవేం?" అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చాలా రోజుల తరవాత వాలెంతి నవ్వాడు.

జనవరి 29

విచారణ అయింది. పొడుగాటి బల్ల, ఆకుపచ్చ కోట్లలో ఆరుగురు మగవాళ్ళు, గోడ నిండా కొమ్ముల తలలు. కలీనా ఒక చివర, నేనొక చివర. అది నన్ను చూడలేదు.

మిషూరా గారు నా ఉత్తరం పైకి చదివారు. "సదరు రేంజరు స్వయంగా అంగీకరించినది" దగ్గరికి వచ్చేసరికి నాకు నేల చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది. చదవడం పూర్తవకుండానే లేచాను.

"ఆ ఉత్తరం తప్పు. పిట్టలున్నాయి. నాకు వినపడదు. నాలుగేళ్ళ నుంచి వినపడదు. కలీనాకి తెలిసి కూడా నా పరువు కోసం నోరు మూసుకుంది. ఆమె మీద చర్య తీసుకోకండి. నా లెక్కలన్నీ కొట్టెయ్యమని సంఘానికి రాశాను."

అంతే చెప్పాలని ఇంట్లో అద్దం ముందు పదిసార్లు అనుకున్నాను. అంతే చెప్పాను. 

మిషూరా గారు కాగితం మడిచి, దయగా నవ్వి, "పోనీండమ్మా, వయసన్నాక ఇవన్నీ మామూలే. ఇంక ఇంటిపట్టున ఉండి మనవల స్వెట్టర్లు అల్లుకోండి. ఈ పిట్టల గోల ఎందుకు చెప్పండి?" అన్నారు. ఒకాయన కిసుక్కుమన్నాడు.

"సార్" అంది కలీనా. ఆ గొంతు నాకు బాగానే వినపడింది. "ఈ అడవిలో ఆవిడకి వినపడనివి రెండే రెండు రకాలు. మీరు గుర్తుపట్టేది ఒకే ఒక్క రకం. అదీ వేయించి పళ్ళెంలో పెడితే."

 నా ఉత్తరంతో పోని దీని ఉద్యోగం ఇప్పుడు దీని నోటి మూలానే పోతుందనుకున్నాను. పెంపకం నాదే కదా. కానీ బల్ల చివరి ముసలాయన పగలబడి నవ్వాడు, దాంతో మిగతావాళ్ళూ నవ్వారు. మిషూరా గారు దగ్గి, ఫిర్యాదు ఉపసంహరణ అని రాసుకున్నారు.

జీపులో ఇంటికి దింపింది. సగం దారిలో అంది.

"నీ చెవులు పోయినందుకు కాదు పిన్నీ నా కోపం. నేను నీతో అబద్ధం ఆడతానని అనుకున్నావు చూడు, దానికి."

"అనుకున్నాను."

"లేదనొచ్చుగా! ఒక్కసారి లేదనొచ్చుగా!"

"అనుకున్నాను కాబట్టి అనుకున్నానంటున్నాను. ఇంట్లో ఒకరినొకరు మోసం చేసుకున్నది చాలు."

జీపు పక్కకి ఆపింది. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాకు ఓదార్చడం రాదు, మా అక్కకి వచ్చేది. దాని వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. కాసేపటికి మొహం తుడుచుకుని మా గేటు దగ్గర దింపింది. లోపలికి రమ్మంటే రాలేదు.

ఫిబ్రవరి 2

కొవ్వొత్తుల పండగ. చర్చి నుంచి వచ్చేసరికి కలీనా వంటింట్లో ఉంది, కోటు విప్పకుండానే నిలబడి వాలెంతి చేసిన బంగాళాదుంప అట్లు తింటోంది. మూడో అట్టుకి కోటు విప్పింది.

ఫిబ్రవరి 5

సంఘం కార్యదర్శి తెక్లా గారు ఫోన్. కలీనా పక్కన కూర్చుని మాట మాటా నాకు పెద్దగా తిప్పి చెప్పింది. నాలుగేళ్ళ ఎలుకరాజుల లెక్క తీసేస్తారట, చెట్టుపాకుడు పిట్టల లెక్క కూడా. మిగతావి ఉంచుతారట. ఆవిడ చాలా మర్యాదగానే చెప్పారు. మర్యాదగా చెప్పినా పన్ను పీకినట్టే ఉంది.

ఫిబ్రవరి లెక్క నేను చెయ్యకూడదు. చెవి సరిగ్గా ఉన్న మనిషి ఒక్కరే చెయ్యాలి, అది నియమం. కలీనా కుదరదు, తను కొట్టించిన అడవిలో పిట్టల్ని తనే లెక్కపెడితే ఎవరు నమ్ముతారు? లెక్కపెట్టే ఇంకో మనిషి ఉన్నది తొంభై కిలోమీటర్ల అవతల. అయితే మీ అడవిని ఈ ఏటితో ఆపేద్దామా అని ఆవిడ అడిగారు.

ఇరవై ఆరేళ్ళు. 

"బాబాయ్‌కి తెలుసుగా!" అంది కలీనా.

"ఎవరికి? వాలెంతికా? కోడికీ కాకికీ తేడా తెలియదు" అన్నాను.

తెక్లా గారు పరీక్ష పెడతానన్నారు. ఫోన్లో ఒక్కొక్క పిట్ట అరుపు రికార్డు వినిపించారు. వాలెంతి పొయ్యి దగ్గర సాసేజి తింటూనే చెప్పాడు. వడ్రంగి పిట్ట, మధ్యరకం. వంకర ముక్కు పిట్ట. టిట్, బూడిదరంగుది. ఎలుకరాజు. చెట్టుపాకుడు. నేను కలీనా మొహం చూస్తున్నాను, అది తల ఊపుతూనే ఉంది. ఇరవైకి పంతొమ్మిది. తప్పిన ఒక్కదాన్ని "బావి దగ్గర ఏడుపుగొట్టుది" అన్నాడు. దాని అసలు పేరు తెలియదు కానీ ఏ పిట్టో మాత్రం తెలుసు.

"ఇన్నీ తెలిసి ఒక్కనాడైనా చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు చెప్పేదానివిగా" అన్నాడు. "నువ్వు పేరు చెప్పడం, నేను తల ఊపడం. ఇరవై ఆరేళ్ళు అదే బడి. నాకు బాగుండేది."

ఫిబ్రవరి 10

చెవి డాక్టరు. యంత్రం పెడితే మనుషుల మాటలు తేటగా వినిపిస్తాయన్నారు. అంత సన్నటి కూత మాత్రం ఇంక రాదన్నారు. ఎందుకు రాదో బొమ్మ గీసి చూపించారు. బొమ్మ బాగుంది.

బయటికొచ్చి బస్టాపులో ఏడ్చాను. వాలెంతి జేబురుమాలు ఇచ్చాడు, తేనె మరకలతో.

ఫిబ్రవరి 14, శనివారం

ఈ చలికాలం ఆఖరి లెక్క. పుస్తకంలో 'లెక్కించినవారు' దగ్గర వాలెంతి పేరు రాశాను. నా పని పెన్సిలు, పుస్తకం, ఫ్లాస్కు.

ఫ్లాస్కు ఇంత బరువుంటుందని నాకెవరూ చెప్పలేదు. తెల్లవారి ఏడింటికి మైనస్ తొమ్మిది, ఎండపొడ. మొదటి చోట ఆయన ఎంతసేపటికీ నా వైపు చూడకపోయేసరికి ఆగలేక "వడ్రంగి పిట్టా?" అని గుసగుసలాడాను. కళ్ళురిమి చూశాడు. ఇరవై ఆరేళ్ళు నేను ఆయన్ని ఎలా చూశానో అలాగే. నోరు మూసుకున్నాను.

మాట్లాడకూడదు కాబట్టి నా పక్కకి తిరిగి పెదాలతో పేరు చెబుతాడు, వేళ్ళతో లెక్క చూపిస్తాడు. నేను రాసుకుంటాను. నాకు వినపడేవి వినపడుతూనే ఉన్నాయి. బొంతకాకులు, వడ్రంగి పిట్టల డప్పు, జే పిట్ట బొంగురు అరుపు. నా అడవిలో చాలా మిగిలే ఉంది. ఆ సంగతి ఈ నెల రోజుల్లో నేను మరిచేపోయాను.

పన్నెండో చోటు. ఎనభై ఎనిమిదో ప్లాటు. రెండు నిమిషాలు నిలబడ్డాం. చెట్ల మీది మంచు ఎండకి కొద్దికొద్దిగా జారుతోంది. నా వరకు ఆ చోటంతా నిశ్శబ్దం. సున్నా వస్తే ఏం చెయ్యను అనుకున్నాను. ఆ రోజు చూసిన ఒక్కటీ చలికి చచ్చిపోయి ఉంటే? నిజంగానే పోయి ఉంటే? 

వాలెంతి తలెత్తాడు. పెదాలతో అన్నాడు, ఎలుకరాజు. చేతికున్న ఉన్ని తొడుగు తీసి ఒక వేలు చూపించాడు.

రాయబోయాను. ఆగమన్నట్టు తల ఊపాడు. రెండో వేలు లేపాడు. కొంచెం ఆగి మూడు. కుడివైపు స్ప్రూసు మీదికి చూసి నాలుగు, ఐదు. రెండో తొడుగు పళ్ళతో లాగి మంచులో పారేశాడు. ఆరు. పిట్టల గుంపేదో మా నెత్తి మీదుగా చెట్టు నుంచి చెట్టుకి వెళుతున్నట్టుంది, ఆయన తల దాంతోపాటే తిరుగుతోంది. ఏడు, ఎనిమిది. నేను పైకి చూడటం మానేసి ఆయన చేతులే చూస్తున్నాను. చలికి వేళ్ళు ఎర్రబడి వణుకుతున్నాయి. తొమ్మిది. చాలాసేపు ఏమీ లేదు. పది.

పది వేళ్ళూ లేపి అలాగే నిలబడ్డాడు. నేను పుస్తకం తెరిచాను. ఇంతలో మళ్ళీ తల పక్కకి తిప్పాడు. తన రెండు చేతులూ చూసుకున్నాడు, నన్ను చూశాడు. పెన్సిలు పట్టుకున్న నా చెయ్యి అందుకుని, తొడుగు లాగేసి, నా వేలొకటి పైకెత్తాడు.